శుభలేఖ అక్షరాల్లో ఉన్న మన కవి



పిల్లలు ఇంటికి తెచ్చిన మెరిట్ సర్టిఫికెట్‌ను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? అందులో పేరు మామూలు అచ్చక్షరాల్లో ఉండదు. అక్షరాలు కుడివైపుకు కాస్త వాలి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు కలిసిపోయి ఉంటాయి. కలం ఒత్తిన చోట లావు, తేల్చిన చోట వెంట్రుకంత సన్నం. వీటిని స్క్రిప్ట్ ఫాంట్లు అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో రాతగాళ్లు ఈక కలంతో రాసిన దస్తూరీ వీటిలో చాలావాటికి మూలం. కంప్యూటర్లలో మనకు తరచుగా కనపడే ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ అలాంటిదే. ఆ పేరు వినగానే గుర్తొచ్చేది ఏడో ఎడ్వర్డ్ రాజు కాలం.

తెలుగులో మాత్రం కవుల పేర్లు పెట్టారు. సిలికానాంధ్ర సంస్థ కొన్నేళ్ల కిందట కొన్ని తెలుగు ఫాంట్లను అందరికీ ఉచితంగా ఇచ్చింది.  పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ ఉన్నారు. రాజు లేని సభ బాగుండదనుకున్నారో ఏమో, శ్రీకృష్ణదేవరాయ పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఇందులో పెద్దన 2013లో తయారైంది. శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వాన పత్రికలకు పనికొచ్చే ఫాంటు ఇది. అక్షరాన్ని పెద్ద సైజులో పెట్టినప్పుడే దాని అందం తెలుస్తుంది.

డీటీపీ సెంటర్లో శుభలేఖ కొట్టించేటప్పుడు ఈ పేర్ల జాబితా కంప్యూటర్ తెర మీద కిందికీ పైకీ పోతూ ఉంటుంది. అక్కడ కూర్చున్న వాళ్లలో ఎంతమందికి ఆ మొదటి పేరు మన పాత కడప జిల్లాలో అగ్రహారం ఉన్న మనిషిదని తెలుసు? నేను ఇంగ్లీషు చెప్పే టీచర్‌ని. అయినా ఈ నెల తెలుగు పేజీలో అల్లసాని పెద్దన గురించే రాయాలనిపించింది.

రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాటు దిగి (పాలకోవ కోసం ఆగకుండా వెళ్లగలిగితే), కడప దాటి ఇంకా ముందుకు పోతే కమలాపురం వస్తుంది. ఆ ప్రాంతంలోనే ఉంది కోకటం. శ్రీకృష్ణదేవరాయలు పెద్దనకు అగ్రహారంగా ఇచ్చిన కోకట గ్రామం ఇదే. అక్కడికి దగ్గర్లోనే పెద్దనపాడు అని ఇంకో ఊరు, ఆయన పేరే పెట్టుకుని ఉంది. ఆయన పుట్టింది ఈ ప్రాంతంలోనా, బళ్లారి వైపునా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఎక్కడ పుట్టినా, రాజు ఇచ్చిన భూమి, ఆయన పేరు మోస్తున్న ఊరు మన జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి మనవాడని చెప్పుకునే హక్కు మనకు ఉందని నా అభిప్రాయం.

ఆయన తండ్రి పేరు చొక్కన. గురువు శఠగోపయతి. చిన్నతనం గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి పెద్దగా లేదు. మనం ఇప్పుడు నర్సరీ పిల్లవాడికి కూడా పుట్టినరోజు ఆల్బమ్ చేయిస్తున్నాం. ఆ రోజుల్లో కవి తన గురించి చెప్పుకునే చోటు ఒకటే ఉండేది, పుస్తకం మొదట్లో ఉండే అవతారిక. పెద్దన జీవితంలో మనకు గట్టిగా తెలిసినవి చాలావరకు అక్కడివే. మిగతావి జనం నోళ్లలో తిరిగిన చాటుపద్యాల వల్ల, కథల వల్ల తెలిసినవి.

రాయలు విజయనగరాన్ని పాలించింది 1509 నుంచి 1529 దాకా. ఇరవై ఏళ్లే. అందులో సగానికి సగం యుద్ధాలతోనే గడిచింది. 1514లో ఉదయగిరి, మరుసటి ఏడాది కొండవీడు, ఆ తర్వాత కళింగం మీదికి దండయాత్ర. మధ్యలో తీరిక దొరికితే భువనవిజయమనే సభలో కవులతో కూర్చునేవాడు. తనూ కవే, ఆముక్తమాల్యద రాసినవాడు. ఆ సభలో మొదటి పీట పెద్దనది. ఎనిమిది మంది కవులూ ఒకేసారి అక్కడ కూర్చున్నట్టు సినిమాల్లో చూపిస్తారు గానీ, చరిత్రకారులు దానికి ఒప్పుకోరు. పింగళి సూరన, రామరాజభూషణుడు ఆ తర్వాతి తరం వాళ్లని వాళ్ల లెక్క. పెద్దన విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. ఆయన రాయల మనిషి.

ఎంత దగ్గరి మనిషో చెప్పే కథలు చాలా ఉన్నాయి. సంస్కృతంలో, తెలుగులో సమానంగా కవిత్వం చెప్పగలవాడికి ఇస్తానని రాయలు ఒక బంగారు గండపెండేరాన్ని సభలో పెట్టించాడట. ఎవరూ లేవలేదు. పెద్దన లేచి ఆశువుగా పొడవాటి ఉత్పలమాలిక చెప్పాడు. రాజు తన చేతులతోనే ఆ పెండేరాన్ని కవి కాలికి తొడిగాడు. ఇంకో కథలో రాయలు ఏనుగు మీద వెళ్తూ ఎదురుగా పెద్దన కనపడితే ఏనుగును ఆపి, చెయ్యి అందించి పక్కన ఎక్కించుకున్నాడు. మరో కథలో కవి పల్లకిని రాజు స్వయంగా భుజాన మోశాడు. ఆంధ్ర కవితా పితామహుడు అనే బిరుదు కూడా రాయలు ఇచ్చిందే.

ఈ కథలన్నీ మనం పిల్లలకు చెప్తుంటాం. చెప్పాలి కూడా. కానీ నాకు వీటన్నిటికంటే ఎక్కువగా నచ్చేది ఇంకొకటి ఉంది. పెద్దన చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న ఒక చాటుపద్యం అది. ఊరికే కవిత్వం చెప్పమంటే ఎలా చెప్తారు, నాకు కావలసినవి ఏర్పాటు చేయండి అని ఒక జాబితా ఇచ్చాడాయన. ఎవరూ అడ్డుతగలని చోటు కావాలి. కర్పూర తాంబూలం కావాలి, అదీ నచ్చిన మనిషి తెచ్చి ఇవ్వాలి. మనసుకు నచ్చిన భోజనం ఉండాలి. ఊగడానికి ఉయ్యాల మంచం ఉండాలి. తప్పూ ఒప్పూ పట్టుకోగల రసికులు ఎదురుగా ఉండాలి. చివరగా, కవి మనసు తెలుసుకుని రాయగల మంచి లేఖకులు, మంచి పాఠకులు దొరకాలి.

చాలామంది తాంబూలం, ఉయ్యాల దగ్గరే ఆగి నవ్వుకుంటారు. రాజుగారి ముద్దుబిడ్డ గారాబం అనుకుంటారు. చివరి కోరిక మాత్రం గారాబం కాదు. ఆ రోజుల్లో కవికీ చదివేవాడికీ మధ్య ఒక చెయ్యి ఉండేది. ఆ చెయ్యి మంచిదైతే కవి బతికాడు, లేదంటే పోయాడు.

అప్పటి రాత పని ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. తాటాకులను ఆరబెట్టి, ఉడికించి, మళ్లీ ఆరబెట్టి, ఒకే కొలతకు కత్తిరించాలి. బెజ్జం చేసి తాడు దూర్చాలి. గంటం అనే ఇనుప ములుకుతో ఆకు మీద అక్షరాలను గీకాలి. గీకినప్పుడు ఏమీ సరిగ్గా కనపడదు. తర్వాత మసో, ఆకు పసరో పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. అడ్డంగా తిన్నని గీత గట్టిగా గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోయే ప్రమాదం ఉంది. మన అక్షరాలు ఇంత గుండ్రంగా తిరగడానికి అదో కారణమని చెప్తారు. ఇంగ్లీషు స్క్రిప్ట్ ఫాంటులో లావూ సన్నం ఈక కలం చలవైతే, తెలుగు అక్షరంలో ఆ గుండ్రదనం గంటం చలవ.

తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం ఎక్కడ అయిపోయిందో, ఎక్కడ మొదలైందో చదివేవాడే తెలుసుకోవాలి. ప, వ ఒకదాని కొకటి ఎంత దగ్గరో, మ, య ఎంత దగ్గరో మన రెండో తరగతి పిల్లల నోటుబుక్కులు చూసినవాళ్లకు తెలుసు. వందల పద్యాల పుస్తకంలో నిద్రమత్తులో ఉన్న ఒక రాతగాడు పాదానికి ఒక్క అక్షరం మార్చినా చాలు, యతి పోతుంది, అర్థం పోతుంది. కాబట్టి పెద్దన లేఖకుణ్ణి తాంబూలం పక్కన, రసికుడి పక్కన నిలబెట్టాడు. మంచి దస్తూరీని కవిత్వంలో భాగంగా చూశాడు.

రాయలు ఒకనాడు సభలో పెద్దనకు కర్పూర తాంబూలమిచ్చి, స్వారోచిష మనువు కథను కావ్యంగా రాసి తనకు అంకితమివ్వమని అడిగాడు. ఈ సంగతి పెద్దనే అవతారికలో రాసుకున్నాడు. రాయల కళింగ విజయాల ప్రస్తావన కూడా పుస్తకంలో ఉంది కాబట్టి, ఆ దండయాత్ర ముగిసిన తర్వాతే రాశాడని చెప్పవచ్చు. పుస్తకం అసలు పేరు స్వారోచిష మనుసంభవం. జనం మనుచరిత్ర అన్నారు, అదే నిలిచిపోయింది. కథ మార్కండేయ పురాణంలోది. అంతకు ముందే మారన ఆ పురాణాన్ని తెలుగులోకి తెచ్చాడు. అందులోని చిన్న కథను తీసుకుని పెద్దన ఆరు ఆశ్వాసాలకు పెంచాడు. తెలుగు పంచకావ్యాల్లో దీన్ని ఒకటిగా లెక్కపెడతారు.

అందులో ప్రవరుడి కథ మన రాయచోటి వాళ్లకు ప్రత్యేకంగా తగులుతుందని నాకు అనిపిస్తుంది. అరుణాస్పదమనే ఊళ్లో ప్రవరుడు ఇల్లు, అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు, భార్యతో నెమ్మదిగా బతుకుతుంటాడు. కానీ దూరదేశాలు చూడాలని లోపల ఒక కోరిక. ఒక సిద్ధుడు వచ్చి పాదాలకు ఒక లేపనం పూస్తాడు. దాని మహిమతో ప్రవరుడు ఒక్క క్షణంలో హిమాలయాలకు చేరతాడు. కొండలు, సెలయేళ్లు చూసి మురిసిపోతాడు. ఇంటికి వెళ్దామని అడుగు వేస్తే అడుగు కదలదు. మంచుకు లేపనం కరిగిపోయింది. అప్పుడు వరూధిని అనే గంధర్వ స్త్రీ ఎదురై, ఇక్కడే ఉండిపొమ్మంటుంది. అతనికి ఇల్లు తప్ప ఏదీ గుర్తులేదు. అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి చేరతాడు. కువైట్ వెళ్లి, వీసా చిక్కుల్లో పడి ఊరి వైపు చూస్తూ గడిపిన వాళ్ల కథలు లేని వీధి మన ఊళ్లో ఉందా? ఐదు వందల ఏళ్ల కిందటి ఆ మంచు కరిగించిన లేపనం ఏమిటో వాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు.

కథ అక్కడితో ఆగదు. వరూధిని మీద మనసుపడిన ఒక గంధర్వుడు ప్రవరుడి వేషంలో వస్తాడు. వాళ్ల కొడుకు స్వరోచి, అతని కొడుకు మనువు. అంటే మనువు పుట్టుకకు మూలం ఒక మాయ ప్రవరుడు! పెద్దన దీన్ని ఎక్కడా దాచలేదు, సమర్థించలేదు. వరూధిని బాధను కూడా ప్రవరుడి నిష్ఠతో సమానంగా రాశాడు. ఆమెను చెడ్డదానిగా చేయడం తేలిక. ఆయన ఆ తేలిక పని చేయలేదు. పదో తరగతి పిల్లలకు ప్రవరుడు మంచివాడు అని ఒక వాక్యంలో నేర్పించి వదిలేయడం నాకు అందుకే నచ్చదు.

1529లో రాయలు పోయాడు. ఆ తర్వాత పెద్దన చెప్పినట్టుగా ఒక పద్యం ప్రచారంలో ఉంది. ఏనుగు మీద నుంచి చెయ్యి అందించిన రోజు, పల్లకి మోసిన రోజు, కోకట అగ్రహారం ఇచ్చిన రోజు, గండపెండేరం తొడిగిన రోజు, ఒక్కొక్కటీ తలుచుకుంటాడు. చివరికి, అలాంటి రాజు వెంట తనూ వెళ్లిపోక ఇంకా ప్రాణంతో తిరుగుతున్నందుకు తనను తాను నిందించుకుంటాడు. ముందు చెప్పిన సన్మానాల కథలు చాలావరకు మనకు చేరింది ఈ ఏడుపులోంచే. సన్మానం జరిగిన రోజుల్లో చెప్పుకున్న గొప్పలుగా కాకుండా, చేసినవాడు పోయాక లెక్కపెట్టుకున్న జ్ఞాపకాలుగా వాటిని చదివితే రుచి మారిపోతుంది. రాయల తర్వాత అచ్యుతదేవరాయలు సింహాసనం ఎక్కాడు. పెద్దన మళ్లీ అంత పెద్ద కావ్యం రాసిన జాడ లేదు.

1565లో రాక్షస తంగడి యుద్ధం జరిగింది. విజయనగరం కొల్లబోయింది. ఇప్పుడు హంపి టూర్‌కు వెళ్లే మన పిల్లలు చూసేది రాళ్లనే. రాతి మేడలు కూలిన చోట, తాటాకుల మీది మనుచరిత్ర మాత్రం బతికింది. తాటాకు వయసు ఎక్కువ కాదు. పురుగు తింటుంది, చెమ్మకు పాడవుతుంది. ప్రతి కొన్ని తరాలకూ ఎవరో ఒకరు కూర్చుని మొత్తం మళ్లీ రాయాలి. పేరు కూడా తెలియని ఆ రాతగాళ్లు మూడు వందల ఏళ్లు ఆ పని చేస్తూ వచ్చారు. రాజు దగ్గర పెద్దన అడిగి పుచ్చుకున్న అగ్రహారాలు ఎప్పుడో చేతులు మారాయి. ఆయన అడిగిన లేఖకులు మాత్రం ఆయన పోయాక కూడా దొరుకుతూనే ఉన్నారు.

వాళ్ల వరసలో చివరి పెద్ద మనిషి ఒక ఇంగ్లీషువాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. బదిలీల మీద వెళ్లి, మళ్లీ వచ్చి, ఇక్కడే ఒక బంగళా కొన్నాడు. పండితులకు, రాతగాళ్లకు తన జేబులోంచి జీతాలిచ్చి తెలుగు పుస్తకాల ప్రతులు తెప్పించాడు. ఒకే పుస్తకానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ పక్కపక్కన పెట్టి, తేడాలు చూసి, సరైన పాఠం తేల్చే పని పెట్టాడు. అప్పులు చేసి మరీ ఈ పని చేశాడు. అతను జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకు వ్యాఖ్యానం రాయించి, 1851లో మద్రాసులో అచ్చు వేయించాడు. గంటం నుంచి అచ్చు దిమ్మకు పెద్దన మారింది అప్పుడే. అచ్చులోకి ఎక్కాక నిద్రమత్తు రాతగాడి భయం పోయింది. వెయ్యి ప్రతులు వేసినా వెయ్యింటిలోనూ అదే అక్షరం.

కడపలో ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి, చందాలు పోగుచేసి నిలబెట్టిన గ్రంథాలయం అది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కడపకు బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు పిల్లలను ఒక అరగంట అక్కడికీ తీసుకెళ్లండి.

2015 జనవరిలో ఇంకో సంగతి జరిగింది. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారు మూర్తి క్లాసికల్ లైబ్రరీ పేరుతో భారతీయ గ్రంథాల వరస మొదలుపెట్టారు. మొదటి విడతలో వచ్చిన ఐదు పుస్తకాల్లో మనుచరిత్ర ఒకటి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. ఉన్న ఫాంట్లతో సర్దుకోకుండా, ఆ వరస కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ అనే నిపుణుల చేత తెలుగు అక్షరాలను కొత్తగా గీయించారు. అంటే ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా పెద్దన కోసం ఎవరో కూర్చుని ఒక్కో అక్షరం మెలికను, ఒక్కో తలకట్టును సరిదిద్దారన్నమాట. కర్పూర తాంబూలం సంగతి తెలియదు గానీ, ఆ జాబితాలో చివరి కోరిక సగం ఇలా తీరుతూనే ఉంది.

మిగతా సగం పాఠకులు. మన వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడం అందరికీ అలవాటైపోయింది, టీచర్లతో సహా. ఇంగ్లీషు గడగడా చదివే ఏడో తరగతి పిల్లలు సొంత అక్క పెళ్లి శుభలేఖను కూడబలుక్కుంటూ చదవడం నేను చూశాను. ఇంగ్లీషు బాగా రావాలనే మీరు మా స్కూలుకు పంపుతున్నారు, నా జీతమూ దాని మీదే. అయినా రోజూ పడుకునే ముందు పది నిమిషాలు తెలుగు గట్టిగా చదివించడానికి ఫీజు అక్కర్లేదు. పెద్దన పద్యంతోనే మొదలుపెట్టాలని కాదు. ఇంటికి వచ్చిన శుభలేఖ అయినా ఫరవాలేదు, సినిమా పోస్టరైనా ఫరవాలేదు.

పెద్దన ఇంకో పుస్తకం కూడా రాశాడు. దాని పేరు హరికథాసారం. తర్వాతి కాలపు లక్షణ గ్రంథాల్లో ఉదాహరణల కోసం ఎత్తి రాసుకున్న కొద్ది పద్యాలే దానివి మిగిలాయి. పుస్తకం మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.